రక్తంలో కొవ్వు: రానున్న మందులకు విపణి ఎక్కడ?

సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమం వద్ద వెలసిన జంషెడ్‌పూర్ నగరంలో కాలాన్ని గడియారం కంటె షిఫ్టులే ఎక్కువగా కొలుస్తాయి. సాక్చి అనే కుగ్రామం ఉన్న చోట టాటా ఉక్కు కర్మాగారం 1912లో తొలిసారి ఉక్కును పోత పోసింది. 1919లో ఆ ఊరికి జంషెట్జీ టాటా పేరు పెట్టారు. ఆ కొలుముల వెలుగును వెతుక్కుంటూ దేశం నలుమూలల నుండి వచ్చిన వారిలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువారు ఎందరో ఉన్నారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ వలసకు నేటికీ నిలిచి ఉన్న గుర్తు.

ఈ నగరంలో ఇద్దరు మనుషులను ఊహించుకుందాం. వారి తాతలు ఒకే ఊరి నుండి వచ్చిన అన్నదమ్ములు. మనుమలిద్దరికీ వయస్సు యాభై దాటింది. ఒకరు పెద్ద కర్మాగారంలో స్థిరమైన ఉద్యోగి. రెండవ వ్యక్తి ఖర్కాయి నదికి ఆవలి ఒడ్డున, ఆదిత్యపూర్ పారిశ్రామిక వాడలోని ఒక చిన్న కార్ఖానాలో కాంట్రాక్టు పనివాడు. ఇద్దరి రక్తంలోనూ కొవ్వు హెచ్చుగానే ఉన్నది. మొదటి వ్యక్తికి ఆ సంగతి తెలుసు. ఏటేటా జరిగే వైద్యపరీక్షలో అది బయటపడింది, మాత్రలు ఆసుపత్రి నుండే వస్తాయి. రెండవ వ్యక్తికి తెలియదు. తెలిసే సందర్భం వచ్చేసరికి బహుశా అది గుండెపోటు రూపంలోనే వస్తుంది.

ప్రపంచంలోని పెద్ద ఔషధ సంస్థలు నేడు కొలెస్టరాల్‌ను తగ్గించే సరికొత్త మందులపై కోట్ల డాలర్లు వెచ్చిస్తున్నాయి. వాటికి భారతదేశంలో ఎంత విపణి ఉన్నదని లెక్కలు వేసేవారు రోగుల సంఖ్యను చూసి ఉత్సాహపడతారు. ఆ లెక్కలో నది ఈవలి మనిషిని, ఆవలి మనిషిని ఒకే గాటన కడతారు. అసలు చిక్కు అక్కడే ఉన్నది.

ఝార్ఖండ్ చెప్పిన సంగతి

భారత వైద్య పరిశోధనా మండలి చేపట్టిన 'ఇండియాబ్' సర్వే తొలి దశలో తమిళనాడు, మహారాష్ట్ర, ఝార్ఖండ్, చండీగఢ్ ప్రాంతాలను ఎంచుకున్నారు. రక్తంలోని కొవ్వులకు సంబంధించిన ఫలితాలు 2014లో వెలువడ్డాయి. పరీక్షించిన 2,042 మందిలో 79 శాతానికి ఏదో ఒక రకపు కొవ్వు ఉండవలసిన హద్దులో లేదు. మొత్తం కొలెస్టరాల్ హెచ్చుగా ఉన్నవారు 13.9 శాతమే. కాని ట్రైగ్లిసరైడ్లు హెచ్చుగా ఉన్నవారు 29.5 శాతం. 'మంచి కొలెస్టరాల్' అని మనం పిలిచే హెచ్.డి.ఎల్. తక్కువగా ఉన్నవారు 72.3 శాతం. ఈ చివరి లోపం అన్నిటికంటె ఎక్కువగా కనిపించింది ఝార్ఖండ్‌లోనే: 76.8 శాతం.

అనగా ఈ వ్యాధి నగరాలలో బాగా తిని కూర్చునే ధనికులదే అన్న పాత నమ్మకం నిలవదు. దేశంలో సంభవించే మొత్తం మరణాలలో గుండె, రక్తనాళాల జబ్బుల వాటా 1990లో 15.2 శాతం ఉండగా, 2016 నాటికి 28.1 శాతానికి పెరిగింది. పాతికేళ్లలో దాదాపు రెట్టింపు అయిందన్న మాట.

కొవ్వు శత్రువు కాదు

కొలెస్టరాల్ అనగానే విషమని భయపడేవారు ఉన్నారు. అది పొరపాటు. శరీరంలోని ప్రతి కణపు పొరకూ అది కావాలి. కొన్ని హార్మోన్లు, పైత్యరసంలోని ఆమ్లాలు దాని నుండే తయారవుతాయి. మనకు కావలసిన దానిలో అధిక భాగాన్ని శరీరమే తయారు చేసుకుంటుంది. ఆ పనిలో కాలేయానిది పెద్దపీట.

నూనె నీటిలో కలవనట్లే కొవ్వు రక్తంలో కలవదు. కనుక మాంసకృత్తులతో అల్లిన చిన్న చిన్న మూటలలో అది ప్రయాణం చేస్తుంది. వాటిలో ఎల్.డి.ఎల్. అనే మూటలు కొలెస్టరాల్‌ను కణాలకు చేరవేస్తాయి. పని తీరిన మూటలను కాలేయం తన పైపొర మీద ఉన్న గ్రాహకాలనే కొక్కేలతో పట్టి లోపలికి లాక్కుంటుంది. ఈ కొక్కేల రహస్యాన్ని విప్పినందుకే అమెరికా శాస్త్రజ్ఞులు మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి లభించింది. కొక్కేలు తక్కువైతే మూటలు రక్తంలో మిగిలిపోతాయి. ఏళ్ల తరబడి ధమనుల గోడలలోకి చొరబడి పేరుకుంటాయి. ఒకనాడు ఆ పేరుకున్న ముద్ద పగులుతుంది, దానిపై రక్తం గడ్డకడుతుంది, దారి మూసుకుపోతుంది. అది గుండెలో జరిగితే గుండెపోటు. మెదడులో జరిగితే పక్షవాతం.

ఇదంతా నొప్పి లేకుండా, చప్పుడు లేకుండా సాగే వ్యవహారం. అందువలననే దీని మందులకు ఇతర మందులకు లేని ఒక చిక్కు ఉన్నది. జ్వరం మాత్ర వేసుకున్నవానికి సాయంత్రానికి ఫలితం తెలుస్తుంది. కొలెస్టరాల్ మాత్ర ఫలితం, రాకుండా పోయిన గుండెపోటు! రానిదానిని చూసి మందుపై నమ్మకం పెంచుకోవడం ఎంత చదువుకున్నవారికైనా కష్టమే. బాధ లేని మనిషి, బతికినన్నాళ్లు, రోజూ కొని వేసుకోవలసిన మందు ఇది.

బూజు నుండి పుట్టిన భాగ్యం

ఈ రంగంలో జోస్యాలు ఫలించిన సందర్భాల కంటె తలకిందులైన సందర్భాలే ఎక్కువ. 1960లో అమెరికాలో విడుదలైన ట్రైపారనాల్ కొలెస్టరాల్‌ను తగ్గించింది. దానితోపాటు కళ్లలో శుక్లాలు పుట్టించింది. 1962లో దానిని వెనక్కి తీసుకున్నారు.

ఆ తరువాత జపానులో అకిరా ఎండో అనే శాస్త్రజ్ఞుడు సుమారు 6,000 రకాల శిలీంధ్రాలను ఓపికగా పరీక్షించి, 1973లో కాంపాక్టిన్ అనే పదార్థాన్ని కనుగొన్నాడు. కాలేయంలో కొలెస్టరాల్ తయారీకి మూలమైన ఒక ఎంజైమును అది అడ్డుతుంది. తయారీ తగ్గగానే కాలేయం మరిన్ని కొక్కేలను మొలిపించుకొని రక్తంలోని ఎల్.డి.ఎల్.ను లాక్కుంటుంది. కాని కుక్కలపై జరిపిన ప్రయోగాలలో కంతులు కనిపించాయన్న అనుమానంతో 1980లో ఎండో పనిచేసిన సంస్థ ఆ మందును విడిచిపెట్టింది. అమెరికాలోని మెర్క్ సంస్థ సైతం అటువంటిదే అయిన తన లోవాస్టాటిన్ ప్రయోగాలను ఆపి, కొన్నేళ్లకు తిరిగి ప్రారంభించింది. 1987లో లోవాస్టాటిన్‌కు అనుమతి దొరికింది. స్టాటిన్ల యుగం అట్లా మొదలైంది.

అయినా సంశయం తీరలేదు. కొలెస్టరాల్ తగ్గుతుంది సరే, ప్రాణం నిలుస్తుందా? దీనికి 1994లో స్కాండినేవియా దేశాల నుండి జవాబు వచ్చింది. 4,444 మంది హృద్రోగులలో సగం మందికి సిమ్వాస్టాటిన్, తక్కిన సగానికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి సుమారు అయిదున్నరేళ్లు గమనించారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 256 మంది, మందు వేసుకున్నవారిలో 182 మంది మరణించారు. మరణాలు 30 శాతం తగ్గాయి.

మరొక ముచ్చట. 1985లో బ్రూస్ రాత్ తయారు చేసిన అటోర్వాస్టాటిన్ విపణిలోకి వచ్చేసరికి అప్పటికే నాలుగు స్టాటిన్లు ఉన్నాయి. అయిదవ దానిని ఎవరు కొంటారని సంస్థలోనే సందేహించారు. 1997లో విడుదలైన ఆ మందు, పేటెంటు తీరిన 2011 నాటికి మొత్తం 12,500 కోట్ల డాలర్లకు మించిన అమ్మకాలు సాధించింది. అంతకు ముందు ఏ మందూ అంత వ్యాపారం చేసి ఎరుగదు.

హద్దులు చూపిన అపజయాలు

జయం చూసినవారు మరింత పెద్ద జయాన్ని కోరారు. హెచ్.డి.ఎల్. ఎక్కువగా ఉన్నవారికి గుండె జబ్బు తక్కువ గదా! మరి మందుతో దానిని పెంచితే? ఫైజర్ సంస్థ టోర్సెట్రాపిబ్ అనే మందుపై సుమారు 80 కోట్ల డాలర్లు వెచ్చించింది. 15,000 మందికి పైగా రోగులపై ప్రయోగించారు. మందు తాను చెప్పిన పని చేసింది. హెచ్.డి.ఎల్. ఏకంగా 72 శాతం పెరిగింది. కాని మందు వేసుకున్నవారిలో మరణాలు తగ్గకపోగా పెరిగాయి. 2006 డిసెంబరులో ప్రయోగాన్ని అర్ధాంతరంగా ఆపివేశారు.

ఈ పాఠం ఝార్ఖండ్‌కు ప్రత్యేకంగా వర్తిస్తుంది. నూటికి 77 మందికి హెచ్.డి.ఎల్. తక్కువగా ఉన్న ప్రాంతం, హెచ్.డి.ఎల్. పెంచే మందుకు అద్భుతమైన విపణిగా కాగితంపై కనిపిస్తుంది. కాని రక్తపరీక్షలో అంకె మారినంత మాత్రాన ప్రాణానికి రక్షణ దొరికినట్లు కాదు. ట్రైగ్లిసరైడ్ల విషయమూ ఇట్టిదే. వాటిని పాతిక శాతానికి పైగా తగ్గించిన పెమాఫైబ్రేట్ అనే మందు, పదివేల మందికి పైగా మధుమేహ రోగులపై జరిగిన ప్రయోగంలో గుండెపోట్లను తగ్గించలేకపోయిందని 2022లో తేలింది.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణ హైదరాబాదులోనే ఉన్నది. గుంటూరు జిల్లాలో పసుపు పండించిన రైతు కుమారుడు కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్‌ను స్థాపించారు. ఇతరులు కనుగొన్న మందులను చవకగా తయారు చేయడంతో తృప్తి చెందక, కొత్త మందును మనమే కనుగొనాలన్న సంకల్పంతో 1993లో పరిశోధనా సంస్థను నెలకొల్పారు. అక్కడ రూపొందిన రాగాగ్లిటజార్ రక్తంలోని చక్కెరనూ కొవ్వునూ ఏకకాలంలో అదుపు చేయగలదని ఆశించారు. 1998లో డెన్మార్కుకు చెందిన నోవో నోర్డిస్క్ సంస్థ దానిని అభివృద్ధి చేసే హక్కులు తీసుకున్నది. కాని 2002లో, ప్రయోగశాలలోని ఎలుకజాతి జంతువుల మూత్రాశయంలో కంతులు కనిపించడంతో, మనుషులపై జరుగుతున్న పరీక్షలు నిలిచిపోయాయి.

2013 మార్చిలో అంజిరెడ్డి కన్నుమూశారు. మూడు నెలలకు, జూన్‌లో, అహమ్మదాబాదుకు చెందిన జైడస్ సంస్థ అదే కుటుంబానికి చెందిన సారోగ్లిటజార్ అనే మందుకు మన దేశంలో అనుమతి పొందింది. మధుమేహంతోపాటు ట్రైగ్లిసరైడ్లు హెచ్చుగా ఉన్నవారి కొరకు ఉద్దేశించిన ఆ మందు, భారతీయ సంస్థ సొంతంగా కనుగొని విపణి వరకు తెచ్చిన తొలి నూతన రసాయనంగా పేరు పొందింది. హైదరాబాదు కన్న కల అహమ్మదాబాదులో పండిందని చెప్పవచ్చు. అయితే పెమాఫైబ్రేట్ నేర్పిన పాఠాన్ని మరువరాదు. ట్రైగ్లిసరైడ్లు తగ్గడం ఒక మెట్టు, గుండెపోట్లు తగ్గాయని రుజువు చేయడం మరొక మెట్టు.

వరుసలో ఉన్న కొత్త మందులు

ఇక నేటి సంగతి. 2003లో ఫ్రెంచి కుటుంబాలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు పి.సి.ఎస్.కె.9 అనే జన్యువును గుర్తించారు. అది తయారు చేసే మాంసకృత్తి కాలేయపు కొక్కేలను నాశనం చేస్తుంది. పుట్టుకతోనే ఆ జన్యువు సరిగా పనిచేయని కొందరు అమెరికనులకు ఎల్.డి.ఎల్. మిక్కిలి తక్కువగా ఉండడం, వారికి గుండె జబ్బు అరుదుగా రావడం తరువాత బయటపడింది. ప్రకృతే ప్రయోగం చేసి ఫలితాన్ని చేతికి అందించినట్లయింది.

ఆ మాంసకృత్తిని పట్టివేసే సూదిమందులు ఎవొలోకుమాబ్, అలిరోకుమాబ్ 2015లో వచ్చాయి. 27,564 మందిపై జరిగిన ప్రయోగంలో ఎవొలోకుమాబ్ ఎల్.డి.ఎల్.ను 59 శాతం తగ్గించిందని, గుండెపోటు మొదలగు ప్రమాదాలను 15 శాతం తగ్గించిందని 2017లో ప్రకటించారు. వీటి అమ్మకాలు ఆకాశాన్ని అంటుతాయని నిపుణులు జోస్యం చెప్పారు. కాని అమెరికాలోనే ఏడాదికి 14,000 డాలర్లు దాటిన ధరను భరించడానికి బీమా సంస్థలు నిరాకరించాయి. వైద్యుడు చీటీ రాసినా రోగి చేతికి మందు రాలేదు. చివరకు 2018లో ఎవొలోకుమాబ్ ధరను సుమారు 60 శాతం తగ్గించి 5,850 డాలర్లకు దించవలసి వచ్చింది. సంపన్న దేశంలో, మంచి మందు సైతం, ధర వలన విపణిని పోగొట్టుకోగలదని ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం అక్కరలేదు.

దాని వెనుక వచ్చినది ఇంక్లిసిరాన్. ఇది ఆ మాంసకృత్తిని పట్టుకోదు, కాలేయంలో దాని తయారీకి వెళ్లే ఆజ్ఞాపత్రాన్నే చించివేస్తుంది. మొదటి సూది తరువాత మూడు నెలలకు రెండవది, ఆపైన ఆరు నెలలకు ఒకటి చొప్పున తీసుకుంటే చాలు. 2020లో ఐరోపాలో, 2021లో అమెరికాలో అనుమతి లభించింది. రోజూ మాత్ర వేసుకోవడం మరచిపోయేవారికి ఇది వరమే, ధర అందుబాటులో ఉంటే!

స్టాటిన్లు వేసుకుంటే కండరాల నొప్పులు వస్తున్నాయని మానేసేవారి కొరకు బెంపెడోయిక్ ఆమ్లం మాత్ర వచ్చింది. అట్టివారు 13,970 మందిపై జరిగిన ప్రయోగంలో హృదయ సంబంధమైన ప్రమాదాలు 13 శాతం తగ్గాయని 2023లో వెల్లడించారు. దీనిని భారతీయ సంస్థలు ఇక్కడే తయారు చేసి అమ్ముతున్నాయి. పి.సి.ఎస్.కె.9ను సూదితో కాక నోటి మాత్రతోనే అదుపు చేయగల ఎన్‌లిసిటైడ్ మూడవ దశ ప్రయోగాల ఫలితాలు 2025లో వెలువడ్డాయి.

మనకు అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. లైపోప్రోటీన్-ఎ అనే కొవ్వు మూట ఎంత ఉండాలో పుట్టుకతోనే నిర్ణయమై ఉంటుంది. తిండి మార్చినా, నడిచినా, స్టాటిన్ వేసుకున్నా అది తగ్గదు. భారతీయులలో సుమారు నాలుగోవంతు మందికి అది హెచ్చుగా ఉన్నదని 2024లో భారత హృద్రోగ నిపుణుల సంఘం వెలువరించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. జీవితంలో ఒక్కసారైనా దానిని పరీక్ష చేయించుకోవాలని అవి సూచించాయి. దానిని తగ్గించే పెలాకార్సెన్, ఓల్పసిరాన్ వంటి మందులను భారీ ప్రయోగాలకు ఎక్కించారు. ఆ కొవ్వును అవి తగ్గించగలవని ఇప్పటికే తెలుసు. గుండెపోట్లను తగ్గించగలవా అన్నదే ప్రశ్న. టోర్సెట్రాపిబ్ కథ తెలిసినవారు తొందరపడి తీర్పు చెప్పరు.

జంషెడ్‌పూర్‌లో మనం ఊహించుకున్న ఇద్దరు అన్నదమ్ముల రక్తం ఒకటే. తాతల నుండి ఈ కొవ్వు దిగివస్తే ఇద్దరికీ దిగివచ్చి ఉండవచ్చు. నదికి ఏ ఒడ్డున ఉన్నామన్నది దానికి పట్టదు.

విపణి అంటే ఎవరు?

ప్యూర్ అనే అంతర్జాతీయ అధ్యయనం 2011లో ఒక విస్మయకరమైన సత్యాన్ని బయటపెట్టింది. అప్పటికే గుండెపోటో పక్షవాతమో వచ్చి బతికి బయటపడినవారిలో ఎందరు స్టాటిన్ వాడుతున్నారని వివిధ దేశాలలో విచారించారు. సంపన్న దేశాలలో నూటికి 66 మందికి పైగా వాడుతున్నారు. భారతదేశం చేరి ఉన్న పేద దేశాల వర్గంలో వాడుతున్నవారు నూటికి ముగ్గురు మాత్రమే! ఒకసారి మృత్యువు గుమ్మం దాకా వెళ్లి వచ్చినవారి స్థితే ఇది. ఇక రక్తపరీక్షే ఎరుగని వారి మాట చెప్పేదేమున్నది? ఆ తరువాతి కాలంలో ఈ స్థితి మెరుగుపడి ఉండవచ్చు గాని, అంత పెద్ద అగాధం సులువుగా పూడేది కాదు.

మందు దొరకక ఇట్లా జరిగిందా? లేదు. 1970 నాటి పేటెంటు చట్టం మందు తయారీ విధానానికే తప్ప మందుకు పేటెంటు ఇవ్వలేదు. 2005 వరకు అమలులో ఉన్న ఆ పద్ధతి వలన మన సంస్థలు స్టాటిన్లను చవకగా తయారు చేయడం నేర్చాయి. ఆ నేర్పు ఎంతటిదంటే, 2006లో మెర్క్ సంస్థ సిమ్వాస్టాటిన్ పేటెంటు అమెరికాలో ముగిసినప్పుడు, ఆ సంస్థ అనుమతితోనే హైదరాబాదు రెడ్డీస్ దానిని అక్కడ అమ్మింది. ఒకనాడు ప్రపంచంలోకెల్లా అధిక ధనం ఆర్జించిన అటోర్వాస్టాటిన్ నేడు మన అత్యవసర ఔషధాల జాతీయ జాబితాలో ఉన్నది. దాని ధరకు ప్రభుత్వం గరిష్ఠ పరిమితి విధించింది. జనౌషధి కేంద్రాలలో ఇంకా చవక. ఆ కేంద్రాలలో పదివేలవది 2023 నవంబరు 30న ఇదే ఝార్ఖండ్‌లోని దేవ్‌ఘర్ ఎయిమ్స్‌లో ప్రారంభమైంది.

మందు ఉన్నది, చవకగా ఉన్నది, అయినా వాడేవారు తక్కువ. కారణాలు మూడు. మొదటిది, పరీక్ష జరగదు. రెండవది, పరీక్ష జరిగినా ఏ బాధా లేదు గదా అని నాలుగు నెలలకే మానివేస్తారు. మూడవది, వైద్యుని వద్దకు వెళ్లాలంటే ఆ రోజు కూలి పోతుంది. మాత్ర ఖరీదు కంటె పోయిన కూలి ఖరీదే ఎక్కువ. కొత్త మందు ఎంత గొప్పదైనా ఈ మూడు అడ్డంకులను దాటకుండా ఆవలి ఒడ్డుకు చేరదు.

రెండవ అడ్డంకికి మన దేశంలోనే ఒక ఉపాయం రూపుదిద్దుకున్నది. కొలెస్టరాల్‌కు, రక్తపోటుకు, రక్తం గడ్డకట్టకుండా ఉండడానికి వేర్వేరుగా ఇచ్చే చవక మందులన్నిటినీ ఒకే గుళికలో కూర్చడం ఆ ఉపాయం. రెడ్డీస్ తయారు చేసిన ఇట్టి గుళికను భారతదేశంలోనూ ఐరోపాలోనూ 2,004 మందిపై పరీక్షించి 2013లో ఫలితాలు ప్రకటించారు. విడివిడిగా మందులు తీసుకున్నవారిలో 65 శాతం మంది క్రమం తప్పకుండా వాడగా, ఒకే గుళిక తీసుకున్నవారిలో 86 శాతం మంది వాడారు. ఇందులో కొత్త రసాయనం ఒక్కటీ లేదు. పాత మందులనే మనిషి మరచిపోకుండా వేసుకునేటట్లు అమర్చారు, అంతే. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇట్టి గుళికలను తన అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది.

కొత్త మందులు వద్దని ఇందువలన తేలదు. వంశపారంపర్యంగా ఎల్.డి.ఎల్. విపరీతంగా పెరిగే కుటుంబాలు ఉన్నాయి. స్టాటిన్ సహించనివారు ఉన్నారు. రెండవ గుండెపోటు అంచున నిలిచినవారు ఉన్నారు. లైపోప్రోటీన్-ఎ భారం మోసేవారు కోట్ల సంఖ్యలో ఉన్నారు. వీరికి పాత మాత్ర ఒక్కటే చాలదు. కాని ఇట్టి మందులకు ఈ దేశంలో విపణి ఉన్నదా అని అడిగేవారికి జవాబు రోగుల జనాభా లెక్కలో దొరకదు. బతికినన్నాళ్లు ఆ మందును కొనసాగించగలవారు ఎందరన్నదే అసలు లెక్క. స్టాటిన్ ధర దిగివచ్చిన దారిలోనే వీటి ధరా దిగివస్తే ఆ సంఖ్య లక్షల నుండి కోట్లకు పెరుగుతుంది. ఆ దారి వేయగల నైపుణ్యం హైదరాబాదు, అహమ్మదాబాదు కర్మాగారాలకు ఉన్నదని గత చరిత్రే చెబుతున్నది.

నదికి వంతెన

జంషెడ్‌పూర్‌కు ఈ విషయంలో ఒక ఆదర్శం సొంత చరిత్రలోనే ఉన్నది. ఎనిమిది గంటల పనిదినం 1912లో, కార్మికులకు ఉచిత వైద్య సహాయం 1915లో ఇక్కడ అమలుకు వచ్చాయి. చట్టాలు నిర్బంధించక ముందే అవి వచ్చాయి. పనివాని ఆరోగ్యం కర్మాగారపు ఆస్తిలో భాగమన్న తెలివిడి వాటి వెనుక ఉన్నది. ఆ తెలివిడి ఇప్పుడు ప్రధాన కర్మాగారపు గోడ దాటి, కాంట్రాక్టు పనివాని దాకా, చిన్న కార్ఖానాల దాకా విస్తరించవలసి ఉన్నది.

చేయవలసినవి గొప్ప పనులేమీ కావు. పద్దెనిమిదేళ్లు నిండినప్పుడు తొలిసారి కొవ్వుల పరీక్ష చేయించాలని నిపుణుల సంఘం 2024లో సూచించింది. సాధారణంగా పరగడుపున ఉండవలసిన అవసరం కూడ లేదని చెప్పింది. కనుక షిఫ్టు మారే వేళ కార్ఖానా గేటు వద్దనే రక్తం తీసుకోవచ్చు. ఇంట్లో ఎవరికైనా చిన్న వయస్సులో గుండెపోటు వచ్చి ఉంటే తక్కినవారందరూ పరీక్ష చేయించుకోవాలి. పొగాకు మానడం, నడక, నూనెలో వేయించిన వాటిని తగ్గించడం అనే పాత సలహాలు పాతవే అయినా వాటి విలువ తరగలేదు. వైద్యుడు స్టాటిన్ రాస్తే, ఎవరో ఏదో చెప్పారని తమంతట తాము మానరాదు. నొప్పులు వస్తే వైద్యునికే చెప్పాలి. మోతాదు మార్చడానికో, మందు మార్చడానికో ఆయన వద్ద దారులు ఉన్నాయి.

ఉక్కు కొలిమి దగ్గర పనిచేసేవానికి ఒక సంగతి బాగా తెలుసు. గొట్టంలో పూడిక పేరుకుంటున్నప్పుడు బయటికి ఏమీ కనిపించదు. అందుకే కొలమానాన్ని రోజూ చూస్తారు. పేలిన తరువాత చూసి ప్రయోజనం లేదు. యంత్రానికి చేసే ఆ పాటి సేవ మనిషికి చేయడానికి కొత్త ఆవిష్కరణ అక్కరలేదు.

రానున్న సంవత్సరాలలో సరికొత్త మందుల పేర్లు పత్రికలలో మరిన్ని చదువుతాం. వాటి అమ్మకాల అంచనాలూ చదువుతాం. అప్పుడు ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు: ఖర్కాయికి ఆవలి ఒడ్డున, పరీక్ష ఎరుగక, ఈ ఉదయం కూడ షిఫ్టుకు వెళ్లిన ఆ తమ్మునికి ఇది ఎన్నటికి చేరుతుంది?